మూడుసార్లు పేరు పిలిస్తే

జనవరి 9, శుక్రవారం

మళ్ళీ ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్ళొచ్చాను. మా ఆయన ఒల్డకి పక్షవాతం వచ్చాక ఇదే మొదటిసారి. మా అమ్మాయి ఇవెత వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని, పోవే అమ్మా, ఇంట్లో ఉండి మమ్మల్ని కాల్చుకు తినకు అని తరిమేసింది. తప్పు చేస్తున్నట్టే అనిపించింది, దారంతా. లోపల అడుగు పెట్టగానే ఆ చలి, ఆ మంచు వాసన, ఆవపిండి పూసిన సాసేజ్ వాసన. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఏం చేయను, నా పిచ్చి అలాంటిది.

నిలబడి చూసే గ్యాలరీలో ఒల్డ చోటు ఖాళీగానే ఉంచారు. ఒల్డ స్నేహితుడు లాద్య అక్కడ ఎవరినీ నిలబడనివ్వలేదట. వదినా, వాడు లేక రిఫరీని తిట్టే దిక్కులేకుండా పోయింది అన్నాడు. పెళ్ళికి ముందు నా పేరు పిలిచే దమ్ము లేక, ఏయ్ స్కాలొవా, నాకూ ఒక సాసేజ్ అని ఒల్డ నా పుట్టింటి పేరుతో అరిచేవాడే, అది కూడా గుర్తు చేశాడు. వీళ్ళంతా వంత పాడేవాళ్ళు. నవ్వాను. తర్వాత మఫ్లర్‌లో ముఖం దాచుకున్నాను.

గెలిచాం. గోల్ పడితే అనౌన్సర్ కొట్టినవాడి పేరు పిలుస్తాడు, ఇంటిపేరు మేం అరుస్తాం. రాదిమ్! అంటాడు. క్రుపిచ్కా! అంటాం. అలా మూడుసార్లు. ఒక జీవితమంతా అరిచినా మోజు తీరలేదు.

జనవరి 10

ఒల్డకి మ్యాచ్ అంతా చెప్పాను. సీసా మూతని పక్ బిళ్ళలా బల్ల మీద జరిపి చూపించాను. యో, అన్నాడు. అవునన్నా యో, కాదన్నా యో, ఆకలేసినా యో. ఆ నోట్లో మిగిలిన మాట అదొక్కటే.

నా పేరు ఒక్కసారి పిలిస్తే చాలు. అసలు నేనెవరో తెలుసా ఈయనకి? భార్యనా, సూప్ తాగించే ఆవిడనా? అడిగితే యో అంటాడు.

జనవరి 23

ఘోరం. ఇవెత మా మఫ్లర్లు రెండూ ఉతికేసింది. జట్టు వరసగా గెలుస్తుంటే మఫ్లర్ ఉతుకుతారా ఎవరైనా!

జనవరి 25

ఐదు సున్నాతో ఓడిపోయాం. ఇవెతతో మాటల్లేవు. నీ కూతురి సబ్బుపొడి మన గోల్‌కీపర్ కళ్ళల్లో పడింది వదినా అన్నాడు లాద్య.

ఫిబ్రవరి 13

ఒల్డని మ్యాచ్‌కి తీసుకెళ్ళొచ్చా అని డాక్టరమ్మని అడిగాను. చలి తగలనివ్వకండి, అలసిపోతే వెంటనే వచ్చేయండి అంది. ఇవెత మాత్రం, నీ సరదా కోసం నాన్నని ఆ గోలలోకి లాక్కెళ్తావా అంది. గుచ్చుకుంది. నా సరదా కోసమేనా? కొంత అంతే, దాచడం దేనికి. గోల్ పడితే పక్కకి తిరిగి ఎవరిని వాటేసుకోను? లాద్యనా? వాడి మీసం నిండా బీరు నురగ.

ఫిబ్రవరి 27, ఇంటికి రాగానే

కోటు కూడా విప్పలేదు, ముందు ఇది రాయాలి.

చక్రాల కుర్చీని లాద్యా ఇంకో ముగ్గురూ మెట్ల మీదుగా ఎత్తుకొచ్చి ఆయన చోట్లోనే పెట్టారు. దుప్పటి కప్పాను, ఫ్లాస్క్‌లో టీ పట్టించాను. మొదటి పీరియడ్ అంతా రాయిలా కూర్చున్నాడు. యో కూడా లేదు. ఇవెత మాటే నిజమేమో, ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకున్నాను.

రెండో పీరియడ్‌లో పవర్ ప్లే, అవతలి జట్టులో ఒకణ్ణి బయట కూర్చోబెట్టారు. క్రుపిచ్కా మంచు మీది నీలిగీత దగ్గర్నుంచి ఒక్కటి బాదాడు. గోల్! రాదిమ్! అన్నాడు అనౌన్సర్. క్రుపిచ్కా! అని హాలంతా అదిరింది. రాదిమ్! రెండోసారి. అప్పుడు నా మోచేతి పక్కన తుప్పుపట్టిన గొంతు ఒకటి లేచింది.

షెబెస్తా!

రాదిమ్ షెబెస్తా మా పెళ్ళినాటి ఆటగాడు. ఇవెత పాకే రోజుల్లోనే ఆట మానేశాడు. మా వరస అంతా నోళ్ళు తెరిచింది. ఒరేయ్ ఒల్డా, షెబెస్తా తాతయ్యాడ్రా అని అరిచాడు లాద్య, కళ్ళు తుడుచుకుంటూ. మూడోసారి అనౌన్సర్ రాదిమ్ అనగానే మా వరసవరసంతా ఒల్డతో కలిసి షెబెస్తా! అంది. కుర్రాళ్ళు కూడా. వాళ్ళకి ఆ షెబెస్తా ఎవరో ఏం తెలుసు!

ఎవరు గెలిచారో దారిలో లాద్యని అడగాల్సి వచ్చింది. సిగ్గుచేటు.

మార్చి 1

గరిటె మైకులా పట్టుకుని వంటింట్లో అనౌన్సర్‌నయ్యాను. ఆనాటి జట్టు పేర్లన్నీ పిలిచాను. ఇంటిపేర్లన్నీ చెప్పాడు, తడుముకోకుండా! ఇప్పటివాళ్ళని పిలిస్తే మాత్రం యో.

ఏళ్ళ తరబడి అలవాటైన మాటలు అలా వాటంతట అవే దొర్లుతాయట. పాటలు, బూతులు, ప్రార్థనలు కూడా. ఎక్కువ ఆశ పెట్టుకోకండి అంది డాక్టరమ్మ ఫోన్లో.

ఇవెత గరిటె లాక్కుని తన పేరే పిలిచింది. యో, అన్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. దగ్గరికి తీసుకున్నాను. మఫ్లర్ల సంగతి క్షమించేశాను.

నా పేరు మాత్రం నేను పిలవలేదు.

మార్చి 6

ఇవాళా పిలవలేదు. భయం. యో అంటే తట్టుకోలేను.

మార్చి 14

సీజన్ అయిపోయింది. ప్లేఆఫ్‌లో ఓడిపోయాం. ఆటగాళ్ళు ఎప్పటిలాగే మా గ్యాలరీ ముందుకొచ్చి కర్రలెత్తి దండం పెట్టారు. గెడ్డాలన్నీ తడిసిపోయి ఉన్నాయి. మేం చప్పట్లు ఆపలేదు. ఒల్డ ఎడమచేత్తో తొడ మీద కొట్టాడు.

మార్చి 15

ఓడినవాళ్ళకి ఇంకేం పోతుంది అనుకున్నాను. పొద్దున్నే గరిటె తీసుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

లిబూషె! అని నా పేరే పిలిచాను.

నా వైపు చూశాడు. పారిపోదామనిపించింది.

లిబూషె! రెండోసారి.

చేతిలో రొట్టె కింద పెట్టాడు. గుండె నిండా ఊపిరి పీల్చాడు.

స్కాలొవా!

గ్యాలరీ చివరిదాకా వినపడేంత గట్టిగా. పెళ్ళయ్యాక ఎవ్వరూ పిలవని పేరు. తెలుసు ఈయనకి, నేనెవరో తెలుసు. మూడోసారి పిలవనే లేదు. ఆయన ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను.

మార్చి 16

కాఫీ కలుపుతున్నాను. గదిలోంచి వినపడింది, అచ్చం అనౌన్సర్‌లా.

లిబూషె!

నిన్న బాకీపడ్డ మూడోది. స్కాలొవా! అని ఇక్కడినుంచే అరిచాను. మా గోలకి పై అంతస్తువాళ్ళు గది వేడిచేసే రేడియేటర్ పైపు మీద దబదబా బాదారు.