నాయన పొడి, డాక్టరు మాత్రలు

అక్కా,

నువ్వు పోయి ఏడాది దాటింది. నీ మీద కోపం మాత్రం పోలేదు.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నీ పక్కనే కూర్చోనుంటి నేను. రక్తపోటుకు మాత్రలు రాసిచ్చేటప్పుడు డాక్టరు అడిగినాడు, ఇంకేమన్నా మందు తింటాండావా, నాటుమందైనా సరే చెప్పమ్మా అని. "ఏమీ లేదు సార్" అంటివి. నా దిక్కు చూసి నవ్వితివి కూడా...

అప్పటికే పులివెందులకు పోతాంటివి కదా, నాటుమందులిచ్చే నాయన దగ్గరికి!

అమ్మను వదిలేసి ఇంకో సంసారం పెట్టుకున్న మనిషి. అమ్మ పోయినప్పుడు "ఆయన మనకు లేడు, అంతే" అన్నది నువ్వే. ఆ మాటే పట్టుకోని ఉంటి నేను. నువ్వేమో జమ్మలమడుగులో నువ్వు పాఠాలు చెప్పే బడికి సెలవిస్తే చాలు, నాకు తెలీకుండా ఆడికి పోతాంటివంట.

నిన్ను మట్టి చేసిన పొద్దు నాయన వచ్చినాడు. "రక్తపోటుకని నేనిచ్చిన సర్పగంధి వేరు పొడి కడదాకా తాగిందా" అని నన్నడిగినాడు. డాక్టరు మాత్రలు మానేసినానని ఆయనకు చెప్పింటివంట.

డాక్టరును పోయి అడిగితి. ఆ మాత్రలూ ఆ వేరుతోనే చేస్తారంట అక్కా. రెండూ కలిస్తే రక్తపోటు మరీ పడిపోతుందంట, లేస్తానే కండ్లు చీకట్లు కమ్ముతాయంట. తెలిసింటే ఒకటి ఆపించేవాణ్ణి అన్నాడు.

అందుకేనా, బడిలో కుర్చీ మీంచి లేచి నడిచి మెట్ల మీద పడి ప్రాణం ఇడిసినావు? "ఎండకు తల తిరుగుతాందిలే" అని అంతకుముందు నువ్వంటే నమ్మితినే...

ఆయన నొచ్చుకుంటాడని ఆ పొడి, నేను నొచ్చుకుంటానని ఈ మాత్రలా? నాకు చెప్పింటే ఏమయ్యేది? శానా తిట్టేదాన్ని. కొన్నాళ్లు మాట్లాడకుంటి. నువ్వు బతికుందువు కదా!

ఆయనకు ఈ సంగతి ఇంకా తెలీదు. ముసలోడు తట్టుకోలేడని నేనూ ఊరుకుంటి. మొన్న ఆసుపత్రి వరండాలో సింహాద్రిపురం నుంచి వచ్చిన ఒకామె, "పులివెందుల పెద్దాయన పొడి, ఈ మాత్రలు రెండూ తింటాండా, లేస్తే తూలుతాండా" అనింది. చెయ్యి పట్టుకోని లోపలికి తీసకపోతి. డాక్టరుకు అంతా చెప్పించినా. ఇప్పుడు ఆమె బాగుంది.

రేపు పులివెందుల బస్సెక్కుతాండా. పొడి ఇచ్చే ముందు, ఏం మాత్రలు తింటాండారో వచ్చినోళ్లను అడగమని నాయనకు చెప్పాల. ఎందుకు అంటాడు. అప్పుడు నీ సంగతి చెప్పక తప్పదు. ఏడుస్తాడు... ఏడ్చినా చెప్తా.

నీ మాదిరి అందరి మనసులూ కాపాడేది నాకు చేతకాదు.

నీ చెల్లెలు,
మార్తమ్మ