తొమ్మిదో నంబరు బూట్లు

1 జనవరి 1978, ఆదివారం. అండమాన్, హాడో, ప్రభుత్వ క్వార్టర్స్.

ఉదయం 6.30. కొత్త డైరీ, కొత్త నిర్ణయం. పాతవాటిలా కాదు, ఇది నిలబడుతుంది.

నిర్ణయం: ఈ రోజు నుంచి చవక చెప్పులు కొనను. ఒకే ఒక్క జత మంచి తోలు బూట్లు. పదేళ్ళు.

కారణం కూడా రాసిపెట్టుకోవాలి, లేకపోతే మర్చిపోతాను. (మర్చిపోను.) మొన్న నవంబరులో విశాఖపట్నంలో మా ఆవిడ శారద అన్నయ్య రమణయ్య బావగారి గృహప్రవేశం. పిలవగానే ఓడెక్కి మూడు రోజులు ఊగుతూ వెళ్ళాం. నలభై మంది చూస్తుండగా, సరిగ్గా గుమ్మం మెట్టు మీద, నా కుడి చెప్పు పట్టీ ఊడింది. అప్పటికే అది పిన్నీసు మీద బతుకుతోంది. ఆ పిన్నీసు ఎగిరి పురోహితుడి పళ్ళెంలో పడింది.

"అండమాన్లో చెప్పులు దొరకవా బావగారూ" అని రమణయ్యగారు పెద్దగా నవ్వారు. నలభై మందీ నవ్వారు. తర్వాత అటక మీంచి తన పాత బూట్లు దింపి ఇచ్చారు. వేసుకున్నాను. వేసుకోక ఏం చేస్తాను, తిరుగు ఓడ మర్నాడే.

ఇవాళ్టికీ ఆఫీసుకి అవే. ముందు భాగంలో పేపరు కుక్కితే బాగానే నడుస్తున్నాయి. కానీ అడుగు వేసినప్పుడల్లా ఆ నవ్వు వినిపిస్తోంది.

ఈ నవంబరులో మళ్ళీ సెలవు పెడతాను. నా సొంత బూట్లతో ఆ మెట్టెక్కుతాను. ఈ పాతవాటికి పాలిష్ పెట్టి, కాగితంలో చుట్టి, ఆయన చేతిలో పెడతాను. ఇంకేం మాట్లాడను.

కిందటేడు పోయిన చెప్పులు:
మార్చి: ఒక జత. పగడపు రాళ్ళ మీద కోసుకుపోయాయి.
జూన్: ఒక జత. తోలన్నాడు. వానకి తడిశాక అట్ట అని తేలింది.
ఆగస్టు: జెట్టీ మీంచి ఎడమకాలిది సముద్రంలోకి. కుడికాలిది ఇంకా ఉంది, ఎందుకో.
నవంబరు: పిన్నీసుది.

3 జనవరి, మంగళవారం

సాయంత్రం 5.10. ఓడరేవు వార్ఫుకి వెళ్ళి మల్లేశుని పట్టుకున్నాను. కలకత్తా ఓడలో కలాసీ, శ్రీకాకుళం మనిషి. అందరికీ అన్నీ తెచ్చిపెడతాడు.

"కలకత్తాలో దొరికే అన్నిటికన్నా మంచివి కావాలి. ధర చూడకు" అన్నాను.

"ధర సూడొద్దంటే సూడనండి. నంబరెంత?"

కాలికున్న బూటు విప్పి లోపల చూశాను. తొమ్మిది. చీటీ మీద తొమ్మిదని రాసిచ్చాను.

7 ఫిబ్రవరి, మంగళవారం

వచ్చాయి!

ముదురు గోధుమ రంగు. అడుగు రెండు పొరలు, చుట్టూ చేతికుట్టు. వాసన చూశాను. శారదకి చూపించాను. మళ్ళీ వాసన చూశాను. ధర ఎనభై అయిదు. శారద వేళ్ళ మీద లెక్కపెట్టింది. తర్వాత "పదేళ్ళంటే మీకు నలభై ఆరొస్తాయి" అంది. అదీ లెక్క.

గదిలో ఇటు నుంచి అటు నడిచాను. మడమ బూటులోంచి పైకి లేస్తోంది. కొత్త తోలు, సర్దుకుంటుంది.

8 ఫిబ్రవరి, బుధవారం

ఆఫీసులో పక్క బల్ల భూషణం ఒకసారి వేసుకు చూశాడు. "నాది ఏడు భయ్యా, ఇందులో నా కాలు ఈత కొడ్తోంది" అని విప్పేశాడు.

భూషణం, నేనూ ఒకే ఎత్తు. పాదాలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

మధ్యాహ్నం 2.40కి, ఫైలు మీద ముద్ర వేస్తుండగా అర్థమైంది. తొమ్మిది నాది కాదు. బావగారిది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పేది కూడా లేదు. ఓడలో వచ్చిన సరుకు వెనక్కి పోదు.

11 ఫిబ్రవరి, శనివారం

"వారపత్రికలో సీరియల్ పేజీ ఏదండీ?" శారద అడిగింది.

ఎడమ బూటులో ఉంది. విప్పి, సాపు చేసి ఇచ్చాను. చదివాక మళ్ళీ నాకిచ్చింది. నంబరు సంగతి అర్థమైపోయినట్టుంది. మడతలు కూడా తనే పెట్టిచ్చింది.

25 ఫిబ్రవరి, శనివారం

ఎదురింటి గవరమ్మగారు వచ్చారు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, మాట మాత్రం ఇప్పటికీ వాళ్ళ అమ్మమ్మ ఊరిది.

"నాయనా, మా గోవిందు ఇజీనారం పెళ్ళిసూపులకెల్తన్నాడు. నీ బూట్లు ఓపాలి ఇయ్యి. ఓడ తిరిగొచ్చీసరికి తెచ్చిచ్చెత్తాడు. అండమాన్ పిల్లోడంటే చెప్పుల్లేనోడని అనుకోకూడదు కదా."

ఆ చివరి మాట దగ్గర నాకు పిన్నీసు గుర్తొచ్చింది. ఇచ్చేశాను.

నిర్ణయానికి సవరణ: బూట్లు పదేళ్ళు ఉండాలన్నాను. ఎవరి కాళ్ళకి ఉండాలో అనలేదు. శుభకార్యం లెక్కలోకి రాదు.

2 ఏప్రిల్, ఆదివారం

గోవిందుకి సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి వాడి ముఖం కన్నా కాళ్ళే ఎక్కువసేపు చూశాడట. గవరమ్మగారు కొబ్బరుండలు తెచ్చారు. బూట్లకి బొట్టు పెడతానన్నారు, వద్దన్నాను.

9.00 నుంచి 11.00 వరకు ఇంటికొచ్చినవాళ్ళు: వైర్‌లెస్ ఆపరేటరు (మద్రాసులో ఇంటర్వ్యూ), లంబాలైన్ పేట హిందీ మాస్టారు (తమ్ముడి పెళ్ళి), నాకసలు పరిచయం లేని ఒకాయన (ఫొటో తీయించుకోవాలట).

పెద్ద నంబరు కాబట్టి అందరికీ పడతాయి. పేపరు ఎక్కువా తక్కువా, అంతే తేడా.

14 మే, ఆదివారం

బూట్లు ఇంటికొచ్చాయి. అదే ఓడతో వాన కూడా వచ్చింది.

రేపటి నుంచి వేసుకుందామనుకున్నాను. కానీ ఈ వానలో ఎనభై అయిదు రూపాయల బూట్లు ఎవడు వేసుకుంటాడు? బజారుకెళ్ళి రబ్బరు చెప్పులు కొన్నాను.

ఇది నిర్ణయం తప్పడం కాదు. రబ్బరు చెప్పు చెప్పు కాదు, బూట్లకి గొడుగు.

11 జూన్, ఆదివారం

బూట్లకి పచ్చగా బూజు పట్టింది. ఎండ లేదు. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుందని మా ఆఫీసు గురునాథం చెప్పాడు. బియ్యం తేమ లాగుతుంది కదా అని, శారద చూడకుండా బియ్యం డబ్బాలో కూరాను.

మధ్యాహ్నం 12.30. శారద చూసింది.

1.15. హోటల్లో భోజనం.

16 జులై, ఆదివారం

రబ్బరు చెప్పులు మూడో జత. లెక్క రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. ఇప్పటిదాకా బూట్లు నేను వేసుకున్నది పదకొండు రోజులు. ఇతరులు అరవై నాలుగు. హిందీ మాస్టారు వాటితో తిరుపతి వెళ్ళొచ్చార్ట, కొండ మెట్ల మొదలు దాకా. నేనింతవరకు తిరుపతే చూడలేదు.

ఆఫీసుకి వేసుకెళ్ళేది మళ్ళీ బావగారి పాత బూట్లే. వాటికి బూజు కూడా పట్టదు. అదే బాధ.

10 అక్టోబరు, మంగళవారం

సెలవు రాలేదు. నవంబరులో సగం ఆఫీసు మెయిన్‌లాండ్ వెళ్తోందట, ఎవరో ఒకరు ఉండాలట. ఆ ఎవరో ఒకరు నేను.

ఏడాదిగా మనసులో ఆ మెట్టెక్కుతూనే ఉన్నాను. కుడికాలు ముందు పెట్టాలా ఎడమకాలా అన్నది కూడా తేల్చుకున్నాను. చాలా బాధగా ఉంది. అన్నం సహించలేదు.

15 అక్టోబరు, ఆదివారం

ఉదయం 8.00. గురునాథం వచ్చాడు. ఇరవై ఒకటిన విశాఖ ఓడకి వెళ్తున్నాడు. బూట్లు కావాలట. ఇవ్వనన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను.

8.20. అతను వెళ్ళాక ఆలోచన వచ్చింది.

8.25. వీధి చివర పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను.

ఏర్పాటు ఇది. గురునాథం నా బూట్లు వేసుకుని రమణయ్య బావగారింటికి వెళ్ళాలి. ఇవి మీ బావగారు గోవిందరాజులువి అని నా పేరు చెప్పాలి. పాతవి పొట్లంలో తిరిగి ఇవ్వాలి. నేను లేకపోతేనేం, నా బూట్లు ఆ మెట్టెక్కుతాయి.

"కుర్చీలో కూర్చుని కాళ్ళు ముందుకి చాపు, బాగా కనబడాలి" అని నేర్పుతున్నాను.

"గుమ్మం బయటే విప్పేస్తారు కదండీ" శారద వంటింట్లోంచి అంది.

నిజమే. కాబట్టి మెల్లిగా విప్పాలి. లేసులు ముడిపడ్డట్టు నటించాలి. రెండుసార్లు సాధన చేయించాం.

21 అక్టోబరు, శనివారం

పాత బూట్లకి నా చేత్తో పాలిష్ పెట్టాను, ముఖం కనిపించేదాకా. పొట్లం కట్టి ఇచ్చాను. ఓడ కదిలింది. గురునాథం డెక్కు మీంచి చెయ్యి ఊపాడు. నేను బూట్ల కేసి ఊపాను.

19 నవంబరు, ఆదివారం

ఉదయం 10.00. హాడో జెట్టీ. గురునాథం నిచ్చెన దిగుతున్నాడు. ముందు కాళ్ళు చూశాను.

బావగారి పాత బూట్లు. నా పాలిష్.

"నా బూట్లేవి?"

"చెప్తా గురూ, కోపం తెచ్చుకోకు." సామాను కింద పెట్టాడు. "నువ్వు చెప్పినట్టే మెల్లిగా విప్పాను. మీ బావగారు చూశాడు. ఇవి గోవిందరాజులువి అన్నాను. ఇంకా పొట్లం విప్పనే లేదు, ఆయన వాటిలో కాళ్ళు పెట్టేశాడు. సరిగ్గా సరిపోయాయి. నాకోసం పంపాడా అన్నాడు. ఇంట్లో అందరూ వచ్చి నిలబడ్డారు. ఆవిడ కాఫీ పట్టుకొచ్చింది."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను. ఏం చెయ్యను? పెద్దాయన వేసుకుని అటూ ఇటూ నడుస్తుంటే విప్పండని ఎలా అనేది? మరి నేను ఉత్త కాళ్ళతో ఓడెలా ఎక్కను? అందుకని పొట్లంలోవి వేసుకొచ్చా."

గురునాథం మీద కోపం రాలేదు. ఆ వాకిట్లో నేనున్నా అవుననే అనేవాణ్ణి. అందుకే మరీ ఒళ్ళు మండింది.

ఆ పాత బూట్లు అక్కడే విప్పి ఇచ్చాడు. నా రబ్బరు చెప్పులు (అయిదో జత) వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు. నేను బావగారి బూట్లతో ఇంటికొచ్చాను. రెండోసారి.

2 డిసెంబరు, శనివారం

బావగారి ఉత్తరం. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"బావగారూ, బూట్లు అందాయి. ఇంత మన్నికైన సరుకు విశాఖలో కూడా దొరకదు. రోజూ వేసుకుంటున్నాను. ఎక్కడివని నలుగురూ అడిగితే అండమాన్ నుంచి మా బావగారు పంపారని చెబుతున్నాను. నా నంబరు తొమ్మిదని మీకెలా గుర్తుందో. గృహప్రవేశం రోజు అందరిలో నవ్వాను. తర్వాత మా ఆవిడ చీవాట్లు పెట్టింది. నాకూ తప్పనిపించింది, రాయడానికి సిగ్గేసింది. మీరు అదేమీ మనసులో పెట్టుకోలేదు. మీది పెద్ద మనసు."

శారద నాలుగుసార్లు చదివింది. కళ్ళు తుడుచుకుంది. "చూశారా మా అన్నయ్య" అంది. తర్వాత నా వైపు చూసి, "మీరు కూడా" అంది.

నాకు సిగ్గుగా ఉంది. మనసులో పెట్టుకోకపోవడమేమిటి, ఈ డైరీలో జనవరి నుంచి ఉన్నదంతా అదే. సంతోషంగా కూడా ఉంది. నలుగురూ అడుగుతున్నారట. నేనేమో ఆయన్ని చూసి ఏడ్చాను, ఆయనేమో నా బూట్లు వేసుకుని నా పేరు చెబుతున్నాడు.

జవాబు రాశాను: "మీ నంబరు మర్చిపోతానా బావగారూ." అందులో ఒక్క అబద్ధం లేదు.

1 జనవరి 1979, సోమవారం

ఉదయం 6.30. కొత్త డైరీ. నిర్ణయం అదే. ఒకే ఒక్క జత. పదేళ్ళు. ఈసారి ఎవరి మీదా పంతం లేదు, కాళ్ళ కోసమే.

శారద నేల మీద కాగితం పరిచి నన్ను నిలబెట్టింది. పాదం చుట్టూ పెన్సిలు తిప్పింది. నాకు చక్కిలిగింత పుట్టి రెండుసార్లు గీత తప్పింది. స్కేలు పెట్టి కొలిచింది. ఏడు. ముప్పై ఏడేళ్ళొచ్చాక నా నంబరు నాకు తెలిసింది.

ఏడులో ఇంకో లాభం. చిన్న నంబరు. గోవిందుకి పట్టదు, గురునాథానికి పట్టదు, హిందీ మాస్టారికి అసలే పట్టదు. ఎవరూ అడగలేరు.

సాయంత్రం 5.00. మల్లేశుకి కాగితం ఇచ్చాను. "ఈసారి ఏడా? అదేటండీ, కాళ్ళు తగ్గినాయా?" అన్నాడు. ఈ నెలాఖరుకి తెస్తాడు.

6.15. భూషణం వచ్చాడు. చేతిలో శుభలేఖ. ఫిబ్రవరిలో కాకినాడలో తన పెళ్ళి. కాఫీ తాగాడు. వెళ్ళకుండా నిలబడ్డాడు.

"భయ్యా, మల్లేశు చెప్పాడు. ఏడు నంబరట కదా."

శుభకార్యం లెక్కలోకి రాదు. పదేళ్ళ లెక్క మార్చి నుంచి మొదలు.