చేటెడు తవుడు

శ్రీకూర్మం
4 నవంబరు 2015

ప్రియమైన గౌరికి,

నాన్న దీవెనలు. నువ్వూ, పాపా, అల్లుడు గోవిందూ, బాలింతకి సాయమంటూ నన్నొదిలేసి చీపురుపల్లిలో మకాం పెట్టిన మీ అమ్మా క్షేమమని తలుస్తాను. నిన్నటిదాకా నేనూ క్షేమమే. ఈ పొద్దున నువ్వు పంపిన కవరు విప్పాక ఆ మాట అనలేను.

పాప జనన ధ్రువపత్రం జిరాక్సు చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఫోనులో అడుగుదామంటే నా చెవులకి గుయ్యిమనే చప్పుడు తప్ప మరేం వినపడదు కనుక రాస్తున్నాను. పాప పేరు లాస్య అని కదూ ఆసుపత్రిలో నా చెవి దగ్గర అరిచి మరీ చెప్పావు? మరి ఈ ఇంగ్లీషు అక్షరాలేమిటి తల్లీ? మొదట ఎల్ లు రెండు. వాటి వెనక ఒక హెచ్. తర్వాత ఏ లు రెండు, సరే, దీర్ఘం కోసమనుకుందాం. ఎస్ ఉండాల్సిన చోట జెడ్ వచ్చి కూర్చుంది. ఆపైన వై లు రెండు, ఒక ఏ, దాని తోకకి మళ్లీ హెచ్. ఐదక్షరాలతో పోయేదానికి పది!

ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో కూర్చున్నవాణ్ణి. వానకి తడిసిన కార్డులూ, కోడి కెలికిన చిరునామాలూ చూసి ఎవరి ఉత్తరం ఎవరిదో చెప్పినవాణ్ణి. సొంత మనవరాలి పేరు చదవలేకపోయాను. పోస్టుమాన్ సూరయ్య వస్తే వాడికి చూపించాను. వాడు కాగితాన్ని ఓసారి దూరంగా, ఓసారి దగ్గరగా పట్టి, "ఇదేటి మేష్టారూ, లజ్జయ్యా? మరి ఆడపిల్లన్నారు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇది గుమాస్తా చేసిన తప్పే అయుంటుంది. వెంటనే రాయి, సరిచేయిద్దాం. మీ అమ్మని కూడా అడుగుదామంటే ఆవిడకి ఇలాంటివి పట్టవు. పోయినేడు నాకు ఛాతీ కోసి కుట్టిన రెండు రోజులకే, సరుకు పాడైపోతుందని ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని విజయనగరం సంతకి పోయిన మనిషి.

ఇట్లు,
నాన్న
టి. రావు, రిటైర్డ్ పోస్టు మాస్టరు


చీపురుపల్లి
9 నవంబరు 2015

ప్రియమైన నాన్నకి,

నీ గౌరి నమస్కారాలు. కూతురికి రాసే ఉత్తరంలో కూడా రిటైర్డ్ పోస్టు మాస్టరని సంతకమేమిటి నాన్నా? ముద్ర ఒక్కటే తక్కువ! గోవింద్ చూసి ఒకటే నవ్వు.

ముందు బీపీ మాత్ర వేసుకో. వేసుకున్నావా? ఇప్పుడు చదువు. గుమాస్తా తప్పేమీ లేదు. ఆ అక్షరాలు నేనే రాసిచ్చాను. పాపం ఆ గుమాస్తా "అమ్మా, సరిగ్గా సూసుకున్నావా?" అని మూడుసార్లు అడిగాడు.

ఈ రోజుల్లో అందరూ ఇలాగే రాయిస్తున్నారు నాన్నా. స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ షాపు పెట్టిన జగన్నాధం, గోవింద్ స్నేహితుడు, పేరుకి అంకెల బలం ఉండాలని లెక్క కట్టి చెబుతాడు. వాళ్ల అబ్బాయి పేరులో కే లు మూడున్నాయి. వాడు ఎంచక్కా దుక్కలా ఉన్నాడు. మనం పిలిచేది లాస్య అనే కదా? పిలిస్తే నవ్వుతోంది. కాగితం గొడవ మనకెందుకు?

పాప బాగా పాలు తాగుతోంది. నుదురు అచ్చం నీదే, అడ్డంగా మూడు గీతలతో సహా. ఈ నెల 29న బారసాల. చెవిలో పేరు చెప్పాల్సింది తాతేనని మా అత్త అమ్మడు పట్టుపట్టింది. నువ్వు రావాలి.

నా పెళ్లికి నువ్వు పుట్టబోయే పిల్లలకని పోస్టుకార్డు మీద రాసిచ్చిన పది పేర్ల జాబితా భద్రంగానే ఉంది. అందులోంచి ఎందుకు పెట్టలేదని మాత్రం అడగకు.

నీ
గౌరి


శ్రీకూర్మం
14 నవంబరు 2015

గౌరికి,

మాత్ర వేసుకునే చదివాను. పనిచేయలేదు.

నువ్వే రాసిచ్చావా? బీఎస్సీ చదివిన పిల్లవి, నలుగురు పిల్లలకి ట్యూషన్ చెప్పినదానివి, కంప్యూటర్ షాపువాడు అంకెలు కూడితే బిడ్డ పేరుని వంకరటింకరగా విరిచి రాసిచ్చావా? రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పక్కింటి లక్ష్మణమ్మ కూర తెచ్చిపెట్టి "ఏటైనాది మేష్టారూ, అలాగున్నారు?" అంటే ఏం చెప్పుకోను?

అడగొద్దన్నావు కానీ అడుగుతాను. నా పేర్లేం పాపం చేశాయి? ఒక్కో పేరు గుండ్రంగా, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసిచ్చాను. మొదటిదే చారుశీల. దాన్ని వెతకడానికి నాకు వారం పట్టింది.

చెడ్డ పేరు మోయడమంటే ఏమిటో నీకు తెలియదు. నాకు తెలుసు. మా అమ్మ గురమ్మ నాకు తవుడు అని పేరు పెట్టింది. మాది భావనపాడు దగ్గర పేట. బళ్లో హాజరు పిలిచేసరికి వెనక బెంచీవాళ్లు "ఆవుకెట్టండ్రా, ఆవుకెట్టండ్రా" అని అరిచేవాళ్లు. నేను పుట్టకముందు ముగ్గురు పోయారనీ, నేనైనా నిలవాలని నన్ను చేటలో పెట్టి పక్కింటావిడకిచ్చి, మళ్లీ తవుడిచ్చి కొనుక్కుందనీ అమ్మ చెప్పేది. నాకా కథ వింటే ఒళ్లు మండేది. ఉద్యోగం రాగానే టి. రావు అని రాయడం మొదలుపెట్టాను. ఆ టి వెనక ఏముందో శ్రీకూర్మంలో ఈనాటికీ ఎవరికీ తెలియదు. అంత జాగ్రత్తపడ్డాను. అటువంటి నా మనవరాలు రేపు బళ్లో అందరిచేతా నవ్వించుకోవాలా?

పోయినేడు నీ మొదటి కడుపు నిలవలేదని తెలిసేనాటికి నేను విశాఖలో ఆసుపత్రి మంచం మీదున్నాను. నీ దగ్గరకి వచ్చి తల నిమరలేకపోయాను. ఆ బాధ నాకు ఇంకా ఉంది. ఇన్నాళ్లకి దేవుడు చల్లగా చూసి ఈ పాపనిచ్చాడు. ఆ బిడ్డకి శుభ్రమైన పేరు ఉండాలని కోరుకోవడం తప్పా?

సవరణ దరఖాస్తు నింపి ఇందులో పెట్టాను. ఇంటూ గుర్తు ఉన్నచోట నువ్వూ గోవిందూ సంతకాలు పెట్టి పంపండి. మిగతాది నేను చూసుకుంటాను. సంతకాలు రాకపోతే 29న నేను రాను. మీ జగన్నాధం చేతే చెవిలో పేరు చెప్పించుకోండి.

టి. రావు


చీపురుపల్లి
20 నవంబరు 2015

ప్రియమైన నాన్నకి,

దరఖాస్తు సంతకాలు లేకుండానే తిప్పి పంపుతున్నాను. కోపం తెచ్చుకోకు. కూర్చుని చదువు. పక్కన లక్ష్మణమ్మత్తని కూడా ఉండమను. ఈ ఉత్తరం రాయొద్దని అమ్మ నిన్నంతా నా చెయ్యి పట్టుకుంది. ఈ పొద్దున తనే కలం తెచ్చిచ్చింది.

జగన్నాధం ఏ లెక్కా కట్టలేదు. అది నేను నీకు చెప్పిన అబద్ధం. అంతకంటే పెద్ద అబద్ధం ఇంకోటుంది.

నా మొదటి కడుపు నిలిచింది నాన్నా. నువ్వు విశాఖలో ఉన్నప్పుడే, ఏడో నెల నిండకుండా విజయనగరంలో పాప పుట్టింది. గాజుపెట్టెలో పదకొండు రోజులు బతికింది. నీకు మనవరాలు ఉండేది.

నీకు ఛాతీ తెరిచి రెండు రోజులైంది అప్పటికి. ఏ కబురూ చెవిన వేయొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అమ్మ నా మంచం పక్కన కూర్చుని "మీ నాన్నకి సెప్పకే. గుండె ఆగిపోతాది. ఇద్దర్నీ నాను మొయ్యలేను" అంది. సంతకి పోతున్నానని నీకు చెప్పి, మావయ్యని నీ దగ్గర ఉంచి వచ్చింది. అమ్మ నెత్తిమీద గంప ఉంది నిజమే. అందులో చేపల్లేవు. పాపకి పాతచీరల గుడ్డలున్నాయి. పదకొండు రోజులూ విశాఖకీ విజయనగరానికీ తిరుగుతూనే ఉంది. నువ్వు ఏడాదిగా ఆ సంత మాట ఎత్తినప్పుడల్లా ఓర్చుకుంటోంది. నీ ఒళ్లు కుదుటపడ్డాక చెబుదామనుకున్నాం. తర్వాత నోరు రాలేదు.

పదో రోజు నర్సు పేరు అడిగింది. పెట్టె మీద చీటీ అంటించాలట. నీ పోస్టుకార్డు నా తలగడ కింద ఉంది. మొదటి పేరే చెప్పాను, చారుశీల. ఆ అమ్మాయి నీ కార్డు చూసి నీలాగే గుండ్రంగా రాసింది. ఎంత అందంగా ఉందో నాన్నా! వచ్చేపోయేవాళ్లు ఆగి చదివి "ఎంత మంచి పేరో" అన్నారు. మర్నాడు తెల్లారేసరికి పాప లేదు.

పేరుకీ ప్రాణానికీ సంబంధం లేదని నాకు తెలుసు. సైన్సు చదివాను కదా. కానీ ఈ పాప పుట్టి, గుమాస్తా పేరడిగేసరికి కలం కాగితం దాకా తీసుకెళ్లి వెనక్కి తీసేసుకున్నాను. అత్త వెంటనే "సేటలో ఏసి తవుడికి కొందాం, తవిటమ్మని పేరెడదాం. సావు దాని జోలికి రాదు" అంది. నేను వద్దన్నాను. చిన్నప్పుడు ఓ రాత్రి నువ్వు మీ బడి సంగతి చెబుతూ గోడవైపు తిరిగి పడుకున్నావు, నాకు గుర్తుంది. నా కూతురు ఆ మాట పడకూడదు. అలాగని చక్కటి పేరు రాయడానికి ధైర్యం చాలలేదు.

అందుకే ఒక్కో అక్షరం విరుచుకుంటూ రాశాను. ఎవరూ ఆగి చదవకూడదు, ఎవరికీ ముచ్చటేయకూడదు అనుకున్నాను. నోటికి లాస్య, కాగితానికి తవుడు. మా నాయనమ్మ చేసిందే చేశాను నాన్నా, నాకు తెలిసిన చదువుతో.

ఇది పిచ్చి అంటే అను, పడతాను. కానీ ఆ పేరు మార్చమనకు. నువ్వు వచ్చినా రాకపోయినా సరే, మార్చను.

నీ
గౌరి


శ్రీకూర్మం
25 నవంబరు 2015

నా తల్లి గౌరికి,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇవాళ బుధవారం. రెండు రోజులు కలం పట్టలేకపోయాను. గుండెకేమీ కాలేదు, భయపడకు. కానీ నా చుట్టూ ఇంత జరిగిపోతే నాకొక్కడికే తెలియలేదన్న మాట మింగుడుపడడం లేదు. పదకొండు రోజులు నాకు మనవరాలుంది! ఆ పదకొండు రోజులూ నేను ఆసుపత్రి ఇడ్లీలో ఉప్పు లేదని గొడవపడుతూ ఉన్నాను.

మొదట మీ అందరిమీదా చెప్పలేనంత కోపం వచ్చింది. నా మనవరాలిని నేను చూడకుండా ఎలా పంపేశారని లక్ష్మణమ్మ ముందే అరిచాను. అరిచి అలసిపోయాక మీ అమ్మ గంప గుర్తొచ్చింది. ఏడాదిపాటు భోజనానికి కూర్చున్నప్పుడల్లా సంత, సంత అని దెప్పాను. ఆవిడ నాకు వడ్డిస్తూనే ఉంది. గౌరీ, మీ అమ్మకి చదువు రాదు. ఈ ముక్క నువ్వే చదివి వినిపించు. బుల్లీ, నేనన్న మాటలన్నీ తప్పు. వచ్చాక నీ ఎదురుగా మళ్లీ అంటాను.

ఇంకో సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం వచ్చిన మొదటి నెల, నా పేరు రాసిన కాగితం గర్వంగా మా అమ్మకి చూపించాను. చదువు రాదు కదా, నా చేత చదివించుకుంది. విని, "టీ రావంటే ఎవుడు? ఇందల నా తవుడేడ్రా?" అని అడిగింది. నేను విసుక్కుని, ఆ పేరు మనుషులు పెట్టుకునేది కాదన్నాను. అమ్మ కాగితం మడిచి నా చేతికిచ్చేసి పొయ్యి దగ్గరకి వెళ్లిపోయింది. మళ్లీ ఎన్నడూ నన్ను పేరుతో పిలవలేదు. చనిపోయేదాకా "మేష్టారూ" అనే పిలిచింది.

ముగ్గురిని పోగొట్టుకున్నదని నాకు తెలుసు. లెక్కలా తెలుసు. నీ ఉత్తరం చదివేదాకా, ఆ ముగ్గురికీ కూడా ఆవిడ ముందు మంచి మంచి పేర్లే పెట్టి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఏం పేర్లో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

దరఖాస్తు చింపేశాను. పేరు అలాగే ఉంచు. సూరయ్యకి పదక్షరాలూ నేర్పుతున్నాను, పాప పేరుమీద ఉత్తరం వస్తే తిప్పి పంపకుండా.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. రాగానే గోవింద్‌తో విజయనగరం వెళ్లాలి. చారుశీలని ఎక్కడ పడుకోబెట్టారో అతనికి తెలుసు కదా, చూపించమను. నేను రాసిన పేరు అది. తాత ఒక్కసారైనా అక్కడ నిలబడి ఆ పేరు పైకి పిలవాలి.

ఆదివారం బారసాలకి అమ్మడు వదినగారిని కొత్త చేట ఒకటి సిద్ధం చేయమను. తవుడు మాత్రం మీరు తేకండి. ఇక్కడి మిల్లులో ఈ పొద్దున్నే అడిగి తెచ్చాను, తువ్వాలులో మూట కట్టి సంచీలో పెట్టుకున్నాను. పాపని చేటలో వేసి మీ అమ్మ చేతికివ్వండి. నేను తవుడు పోసి కొనుక్కుంటాను. చెవిలో మాత్రం లాస్య అనే చెబుతాను. రెండో పేరు దానికి అక్కర్లేదు. అది మోయడానికి ఇంట్లో నేనొకణ్ణి ఉన్నాను.

ఇట్లు,
మీ నాన్న
తవుడు