ఆకాశానికి పైన నీళ్లు

హౌరా పక్కన లిలువా, ఆదివారం రాత్రి. కరెంటు లేదు, కొవ్వొత్తి ఉంది.

పొద్దున్న సండే స్కూల్లో బైబిలు కాలపు ఆకాశాన్ని పరమ గంభీరంగా బోర్డు మీద గీశాను. బోర్లించిన గిన్నెలా గట్టి కప్పు, దాని పైన నీళ్లు, ఆ నీళ్లు వదలడానికి తూములు. "అచ్చం మన రైలు డబ్బాలాగే, కప్పు మీద నీళ్ల ట్యాంకు" అని నా బీఎస్సీ జ్ఞానాన్ని కూడా జోడించాను. పిల్లల వెనక కూర్చున్న సుజాత పైట అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం ఆమెను హౌరాలో మద్రాసు బండి ఎక్కించాం. నర్సు ట్రైనింగు, మూడేళ్లు. నా కోసం ఆగుతావా అని అడగాలని లోకల్ రైల్లో దారంతా సాధన చేశాను. కిటికీ దగ్గర నోరు తెరిచానో లేదో, డబ్బా మీది ట్యాంకు నిండి పొంగి నా నెత్తిన పడింది.

"ఏటి మాస్టారూ, మీ ఆకాశం కారతంది!" అంది సుజాత.

లిలువాలో రైలు డబ్బాలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసే వాళ్ల నాన్న వెంటనే, "ఆ డబ్బా మాది కాదురా బాబూ" అన్నాడు.

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే బండి కదిలిపోయింది. అడగలేదు.

విశ్వానికి అంతు లేదని పరీక్షలో రాసి పాసైనవాణ్ణి. ఈ రాత్రి మాత్రం ఆ గిన్నె ఆకాశమే నిజమైతే బాగుండుననిపిస్తోంది. ఒకే మూత కింద మద్రాసు ఎంత దూరమని?

ఇంటికి రాగానే అమ్మ, "వాన నేదు గదరా, మొహం తడిసిందేటి?" అంది.

"పై నీళ్లమ్మా" అన్నాను. నెత్తి అయితే రైల్లోనే ఆరిపోయింది.