జహంగీర్ భాయ్‌కి కార్క్‌లో గంట కొడతారట

జహంగీర్ భాయ్, సలాం.

నువ్వు పోయి నాలుగో నెల నడుస్తోంది. నలభయ్యో రోజు ఫాతెహా కూడా అయిపోయింది. భాభీ ఆరోగ్యం పరవాలేదు. నీ సెంట్రింగ్ పని మీ తమ్ముడు అందుకున్నాడు, మహేశ్వరం వైపు రెండు స్లాబులు వేయించాడు. నా జిరాక్స్ షాపు బస్టాండు ఎదురుగా అక్కడే ఉంది. ఇవి క్షేమసమాచారాలు. ఇక అసలు విషయం.

నాకు నీ మీద కోపంగా ఉంది… కాదు, కోపం సరైన మాట కాదు. రెండుసార్లు కొట్టివేసి, ఆలోచించి రాస్తున్నాను. సరైన మాట ఈర్ష్య.

పోయిన మనిషి మీద ఈర్ష్య పడవచ్చునా?

ఇబ్రహీంపట్నంలో ఐర్లాండు బాక్సింగు గురించి మాట్లాడుకునేవాళ్లం మనిద్దరమే కదా. దుబాయ్‌లో నువ్వు పరంజా కట్టే రోజుల్లో ఐర్లాండు సూపర్‌వైజర్ ఒకాయన నీకు ఆ పిచ్చి పట్టించాడు. తిరిగి వచ్చి నువ్వు నాకు పట్టించావు. అక్కడి అభిమానుల ఆన్‌లైన్ గ్రూపులో చేరాక మన పద్ధతి ఒకటి ఏర్పడింది. సాయంత్రం పని దిగి, సిమెంటు దుమ్ముతోనే వచ్చి స్టూలు మీద కూర్చునేవాడివి. రాబోయే పోటీల జాబితా నేను చదివేవాడిని. అమెచ్యూర్లు ఒక వరుస, ప్రొఫెషనల్స్ ఇంకో వరుస, ఎవరి బరువెంత, ఎవరిది ఎడమచేతి వాటం. ఎవరు గెలుస్తారో నువ్వు తెలుగులో చెప్పేవాడివి. నేను ఇంగ్లిషులో టైపు చేసేవాడిని. పోస్టు నీ పేరు మీద వెళ్లేది.

పదో తరగతి తప్పి, డిక్షనరీ ముందు పెట్టుకుని నేర్చుకున్న ఇంగ్లిషు నాది. నీకు నేను కావాలి అనుకునేవాడిని. ఆ మాట గుర్తుంచుకో, మళ్లీ దానికే వస్తాను.

ఐర్లాండులోని కార్క్ ఊరి బాక్సింగు క్లబ్బు అమ్మాయి విషయంలో గ్రూపు రెండుగా చీలింది, గుర్తుందా? పందొమ్మిదేళ్ల పిల్ల. ఇప్పుడే ప్రొఫెషనల్‌గా మారాలా, ఒలింపిక్స్ దాకా అమెచ్యూర్‌గా ఆగాలా? నేను లాభాలు నాలుగు, నష్టాలు అయిదు అని క్రమంగా రాసి నీకు వినిపించాను. నువ్వు మిర్చి బజ్జి నములుతూ అన్నావు: “అరే శ్రీశైలం, గిదేమన్న వీలునామానా? పాలకంకి మీద కొడవలి వెడ్తరా అని అడుగు. జర ఆగుండ్రి అను. గంతే.”

గంతే రాశాను. అక్కడి పల్లెటూళ్ల వాళ్లందరూ దాన్ని ఎత్తుకున్నారు. వారం రోజులు ఎవరు ఏ బాక్సర్ గురించి మాట్లాడినా పాలకంకి… పాలకంకి… నా తొమ్మిది అంశాలు కాగితం మీదే మిగిలిపోయాయి.

పైగా నన్నే ఓదార్చావు. “నీయి గూడ మంచిగనే ఉన్నయ్. కానీ సదివెటోడు నిద్రవోతడు.”

నువ్వు పోయిన సంగతి వాళ్లకు నేనే తెలియజేశాను. భాభీ నీ ఫోను ఇచ్చింది. నాలుగు పేరాలు, మూడుసార్లు దిద్ది రాశాను. చివర, ఇంతకాలం ఈయన మాటలను ఇంగ్లిషులో పెట్టినది నేను అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం ఒక్కరి కంటా పడలేదు. ఎవరెవరో నీ మాటలు తవ్వి తీసి పెట్టారు. బెల్‌ఫాస్ట్ నుంచి, గాల్వే నుంచి, ఆస్ట్రేలియాలో స్థిరపడిన వాళ్ల నుంచి కూడా. చదువుతూ పోయాను. ఇది నీ మాట, ఈ విశేషణం నాది. ఇది నీ మాట, ఈ మలుపు నాది… అన్నిటికీ నీ పేరే.

అంతవరకు ఓర్చుకున్నాను. తర్వాత డెక్లన్ అనే పెద్దాయన నాకు విడిగా ఉత్తరం రాశాడు. కార్క్‌లో బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇప్పుడు ఆ అమ్మాయి క్లబ్బులోనే పిల్లల చేతులకు పట్టీలు చుడతాడట. నువ్వు ఆయనతో ప్రతి శుక్రవారం ఫోనులో మాట్లాడేవాడివట. నువ్వు జుమా నమాజు ముగించుకుని, ఆయన పొద్దుటి చాయ తాగుతూ.

ప్రతి శుక్రవారం!

నీకు ఇంగ్లిషు వచ్చునట, భాయ్. అన్నేళ్లు దుబాయ్‌లో ఉన్నవాడికి రాకుండా ఎలా ఉంటుంది? వ్యాకరణం లేకపోవచ్చు, నవ్వించడానికి వ్యాకరణం ఎందుకు? ఈ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు.

నన్ను బాధపెట్టినవి వరుసగా రాస్తాను, నా అలవాటు నీకు తెలుసు. ఒకటి, ఈ ఫోన్లు. రెండు, మన ఊరి చెరువు నిండిన వీడియో నాకంటే ముందు ఆయనకు పంపావు. మూడు… మూడోదానికి అంకె వేయలేను.

నీ ఛాతీనొప్పి సంగతి ఆయనకు తెలుసు. నాకు తెలియదు.

నాకెందుకు చెప్పలేదని ఆయననే అడిగాను. అడగడానికి సిగ్గుపడ్డాను, అయినా అడిగాను. నువ్వన్న మాట ఆయన ఇంగ్లిషులో రాశాడు, నాకు అది తెలుగులోనే వినబడింది. “వానికి చెప్తే కాయితం తీస్తడు. బిర్యానీ బంద్, బీడీ బంద్, దవాఖానకు ఎన్నింటికి వోవాలె, అన్నీ నంబర్లేసి రాస్తడు. నాకెందుకా ఫికర్?”

రాసేవాణ్ణే. నంబర్లు వేసే రాసేవాణ్ణి. నీ జేబులో పెట్టి, మూడో నంబరు దగ్గర నిన్ను బండి ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయేవాణ్ణి… అప్పుడు ఏమయ్యేది?

ఆ ఉత్తరంలోనే నీ మాట ఇంకొకటి ఉంది. శుక్రవారం ఫోన్ల గురించి ఆయనతో అన్నావట: “మావోనికి చెప్పకు, మండుతది.”

నాకు మండుతుందని సముద్రాలవతల చాటింపు వేయవలసిన అవసరం ఏమొచ్చింది? మండుతోంది, అది వేరే విషయం.

ఒక్కటి మాత్రం ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఇంగ్లిషు నీకు వచ్చు. ఫోను నీ చేతిలోనే ఉంది. మరి రోజూ పని దిగి, ఇంటికి పోకుండా, నా షాపులో ఆ కాలు విరిగిన స్టూలు మీద కూర్చుని నా చేత ఎందుకు టైపు చేయించావు? టైపు కోసం కాదు. మరి దేనికి?

ఆయనను ఈ ప్రశ్న అడగలేదు. ఈ ఒక్క జవాబు కూడా ఆయన దగ్గరే ఉంటే నేను తట్టుకోలేను.

ఇప్పుడు కొత్త కబురు. వచ్చే శనివారం కార్క్ క్లబ్బులో పోటీలు. వాళ్లకు మధ్యాహ్నం, మనకు సాయంత్రం. పోటీలకు ముందు నీ కోసం గంట కొడతారట. అక్కడ బాక్సింగు మనుషుల్లో ఒకరు పోతే అందరూ లేచి నిలబడతారు, గంట పదిసార్లు కొడతారు. రింగులో కిందపడినవాడికి పది లెక్కపెట్టినట్టే. ఈసారి పడినవాడు లేవడని అందరికీ తెలుసు, అంతే తేడా. జీవితంలో గ్లోవ్స్ తొడగని సెంట్రింగ్ మేస్త్రీకి ఆ గౌరవం! నేను పోతే నా షాపు షటరు ఒక రోజు మూసి ఉంటుంది. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు పక్క షాపుకు పోతారు.

ఆ రోజు చివరి పోటీ నీ పాలకంకి అమ్మాయిదే. బెల్‌ఫాస్ట్ అమ్మాయితో తలపడుతుంది. ప్రొఫెషనల్‌గా మారే ముందు అమెచ్యూర్‌గా ఆమెకు ఇదే ఆఖరిది. గ్రూపంతా, నీ మీది గౌరవంతో, ఆమే గెలుస్తుందని రాస్తోంది. డెక్లన్ నన్ను ఒకటి కోరాడు. జహంగీర్ ఖాతాను మూయవద్దు, ఆయన మాట తీరు నీకు తెలుసు, ఆయన పేరు మీదే నువ్వు రాస్తూ ఉండు, అందరికీ సంతోషం అన్నాడు.

నిన్న మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నీ ఖాతా తెరిచాను. కింద ఆనించిన పోటు కర్ర జరిగితే పైన స్లాబు వడ్తదని, ఎవరు గెలిచేదీ చేతులను చూసి కాదు కాళ్లను చూసి చెప్పాలని నువ్వు అనేవాడివి కదా, ఆ ధోరణిలో ఒక వాక్యం టైపు చేశాను. అచ్చం నువ్వే, భాయ్. బటను మీద వేలు ఆనిస్తే చాలు, వందమంది మెచ్చుకునేవారు. ఎవరిని?

చెరిపేశాను.

నా పేరు మీద కొత్త ఖాతా తెరిచాను. శ్రీశైలం, ఇబ్రహీంపట్నం. బెల్‌ఫాస్ట్ అమ్మాయి గెలుస్తుంది అని రాసి, కింద కారణాలు ఆరు, అంకెలు వేసి పెట్టాను. ఒక్క పదం కూడా నీది వాడలేదు. ఇంతవరకు ఒక్కరే పలికారు, నువ్వెవరు అని. నేను ఇంకా జవాబివ్వలేదు. నీ స్నేహితుణ్ణి అని రాస్తే మళ్లీ నీ లెక్కలోకే పోతుంది…

శనివారం షాపులో కంప్యూటరు పెట్టి ఉంచుతాను. భాభీ కూడా వస్తానన్నది. గంట మోగినంతసేపూ లేచి నిలబడతాను, మాట ఇస్తున్నాను. ఆ తర్వాత కూర్చుని, నీ అమ్మాయి ఓడిపోవాలని మనసారా కోరుకుంటాను.

శ్రీశైలం