పాలు కలిపిన సున్నం

చిరంజీవి ఆశ్రితకు హుస్సేనీ ఆలం నుంచి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మన చాయ్ కొట్టూ క్షేమం. ముందుగది గోడ మాత్రం ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. విశాఖలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో నేను రెండు మాటలు చెప్పేలోపు నువ్వు నాలుగు అంటావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలు బాగానే ఉంది, నేను స్టూలు ఎక్కడం లేదు. నాన్న అతికించిన వాల్‌పేపర్ పీకేస్తుంటే బాధగా లేదా అన్నావు. ఉంది. ఆ ఇటుకల బొమ్మల కాగితాన్ని ఆయన ఎంత మురిపెంగా తెచ్చారో నీకూ గుర్తుండే ఉంటుంది. మొదటి ముక్క ఊడి చేతికి వచ్చాక దాన్ని తుడిచి పెట్టెలో దాచుకున్నాను. కానీ వానలకు దాని వెనకంతా నల్లగా బూజు పట్టింది. ఆయన ఉన్నా పీకెయ్యమనేవారే.

కాగితం తేలిగ్గానే వచ్చింది, దాని జిగురే ప్రాణం తీసింది. వేడినీళ్ళతో తడిపి, స్పాంజితో తుడిచి, అరచేత్తో తడిమి చూస్తే ఇంకా జారుతూనే ఉంటుంది. జిగురు మిగిలితే కొత్త కాగితం నిలవదట. అదంతా వదిలాక మేకుల బొక్కల్లో లప్పం పెట్టి, ఆరాక నున్నగా రుద్దాం. ఇక ప్రైమర్ కొట్టడమే మిగిలింది. అక్కడే కొంప మునిగింది.

"గా డబ్బల మందు ఎందుకు? మా తాత సున్నంల పాలు కలిపి కొట్టేటోడు. గోడ మస్తు గట్టిగైతది, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు సాయానికి వచ్చిన మనిషి. నేనూ తలూపాను. ఎన్ని పాలు కలపాలో వాళ్ళ తాత చెప్పలేదో, ఇతను వినలేదో! చెంబుడు పోయాల్సిన చోట బిందెడు పోశాడు. అసలే ముసురు, గోడ ఆరకముందే పాలు విరిగాయి. గదినిండా పుల్లటి కంపు, గోడనిండా చీమలు. పక్కింటి విమలాదేవి ముక్కు మూసుకునే లోపలికి వచ్చింది.

"ఏంది రాజమణీ, గోడకు పెరుగు తోడేసినవా?"

మళ్ళీ మొదటి నుంచి కడుక్కున్నాం.

ఇక నీ అసలు ప్రశ్న. మొన్న ఫోన్లో మగగొంతు వినబడి ఎవరని అడిగావు. పనివాడన్నాను. అబద్ధం చెప్పాను తల్లీ. ఆ గొంతూ, సున్నంలో పాలు పోసిన చెయ్యీ ఒకరివే. ఆయన మన కొట్టుకు పాలు పోసే గౌలిపుర కైలాసం. చిన్నప్పుడు నీకోసం విడిగా మీగడ తెచ్చేవాడే, ఆ కైలాసం. భార్య పోయి చాలా ఏళ్ళయింది.

విరిగిన సున్నం కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు: "గోడ పేరు జెప్పి దినాం వస్తున్న. గిది ఆరినంక ఏం సాకు చెప్పాలె?"

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మీ నాన్న పోయాక ఈ గడప తొక్కడానికి సాకు వెతుక్కున్న మనిషి ఎవరున్నారు చెప్పు?

"సాకులెందుకు, ఈడనే ఉండుండ్రి" అన్నాను.

నీ అనుమతి అడగడం లేదు ఆశ్రితా. ఈ మాటకు నీకు కోపం వస్తుందని తెలుసు, భయపడుతూనే రాస్తున్నాను. నువ్వు మాట్లాడటం మానేస్తే నేను తట్టుకోలేను. కానీ సంతోషంగా ఉన్నానని నీకే చెప్పకుండా దాచడం ఇంకా కష్టంగా ఉంది.

చివరికి డబ్బా ప్రైమరే కొట్టాం. చక్కగా ఆరింది. లేత పసుపు కాగితం తెచ్చి పెట్టుకున్నాం, రేపటి నుంచి అంటిస్తాం.

వచ్చే నెల పదో తారీఖున రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి. ముగ్గురు సాక్షులు కావాలన్నారు. ఆయన అన్న లక్ష్మయ్య ఒకరు, విమలాదేవి ఒకరు. మూడో మనిషికేం కరువు లేదు, గల్లీలో ఎవరిని అడిగినా వస్తారు. నేనెవరినీ అడగలేదు.

ఇట్లు,
నీ రైలు కోసం చూసే
అమ్మ