నీ నీలం చీర నేను కట్టుకున్నాను

తబితా, అక్షరాల్లో తప్పులుంటే ఏమీ అనుకోకు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే అరగంట పట్టింది.

అన్నం వార్చాను. చేపల పులుసు గరిటె పెట్టి కలపకు, ముక్కలు విరిగిపోతాయి. ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేశానో లేదో ఒకసారి చూడు.

నీ నీలం చీర కోసం బీరువాలో వెతకకు. ముందు నా తెల్లచీరే కట్టాను. విప్పేశాను. మళ్ళీ కట్టాను, మళ్ళీ విప్పేశాను. మీ మామయ్య పోయిన ఈ తొమ్మిదేళ్ళూ చర్చిలో అందరూ నన్ను తెల్లచీరలోనే చూశారు. ఈరోజు మొదటిసారి ముందుకెళ్ళి వాక్యం చదవాలి. వెనకబల్ల మీద కూర్చునే మనిషిలా వెళ్ళాలనిపించలేదు. అందుకే నీ నీలం చీర కట్టాను. గంజి ఎక్కువైంది, అడుగేస్తే అప్పడంలా చప్పుడవుతోంది.

మొన్న నేను రెండుసార్లు అద్దం చూసుకుంటే పక్కింటి రూతుగారితో, "ఈ వయసులో మా అత్తయ్యకి సోకులేంటండి" అన్నావు. వంటింట్లోకి వినబడింది. కోపం లేదు, కానీ నిద్ర పట్టలేదు.

రాత్రి డ్యూటీ నుంచి రాగానే ముఖం కడుక్కుని వచ్చెయ్యి. పదింటికి చదవాలి. ఇంట్లో కూర్చోలేక ముందే వెళ్తున్నాను.

రెండు పిన్నీసులు తీసుకురా. నా అంతట నేను కొంగుకి పెట్టుకోలేకపోయాను. చర్చి గుమ్మం దగ్గరే నిలబడతాను. నువ్వు పెట్టాకే లోపలికి వెళ్తాను.

సలోమి, అరవై మూడేళ్ళు, మొగల్తూరు.